మోర్మన్ అమ్మల ఇన్‌స్టాగ్రామ్: కెమెరా ఇవతల ఏముంటుంది?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం కుదించి చెబుతున్నాను. మీరు నిజాంపేటలో ఇద్దరు పిల్లలతో, ఉద్యోగంతో సతమతమవుతున్నారు. రాత్రి పిల్లలు పడుకున్నాక అమెరికాలోని ఉటా రాష్ట్రం నుంచి వచ్చే మోర్మన్ అమ్మల రీల్స్ చూస్తుంటారు. ఏడెనిమిది మంది పిల్లలు, తెల్లటి వంటగది, ఇంట్లోనే కాల్చిన బ్రెడ్, ముడత పడని గౌను. "ఇందులో ఎంత నిజం? అందరూ మోర్మన్లే ఎందుకు? వాళ్ళకు కుదిరేది నాకెందుకు కుదరదు?" అని అడిగారు. పిల్లలతో ఛానెల్ పెట్టమని మీ ఆడపడుచు పోరుతోందని, చూసి చేసిన సోర్‌డో బ్రెడ్ (ఈస్ట్ పొడి లేకుండా, పులిసిన పిండితోనే పొంగించేది) రెండుసార్లూ పులిసిపోయిందని కూడా రాశారు.

నేను ఉండేది ఉటాలోనే, లీహై దగ్గర. పిల్లల బట్టలు అమ్మే ఒక ఆన్‌లైన్ కంపెనీలో ఇన్‌ఫ్లుయెన్సర్ల ఒప్పందాలు చూడటం నా పని. నేను మోర్మన్‌ని కాదు గానీ మా వీధిలో ఎక్కువమంది వాళ్ళే, ఆఫీసులోనూ అంతే. వాళ్ళ చర్చి పూర్తి పేరు చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్. 'మోర్మన్' అనే పిలుపు వద్దని 2018 నుంచి చర్చి పెద్దలు గట్టిగానే చెబుతున్నారు. మనవాళ్ళకు తెలిసిన మాట అదే కాబట్టి వాడుతున్నాను. ఇంకో సంగతి, వాళ్ళలో ఒక్కొక్కరికి చాలామంది భార్యలుంటారట కదా అని అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా నన్ను అడుగుతారు: బహుభార్యత్వాన్ని ఆ చర్చి 1890లోనే అధికారికంగా వదిలేసింది.

ఇక జవాబు. మీరు చూసే బ్రెడ్ నిజమే, పిల్లలు నిజమే, చాలామంది విషయంలో భక్తి కూడా నిజమే. కనబడనిది ఒక్కటే. ఆ రీల్‌లో కనబడే ఆవిడ ఇంటిపట్టున ఉండే గృహిణి కాదు. ఇంటినే స్టూడియోగా మార్చుకుని పొద్దస్తమానం ఉద్యోగం చేస్తున్న మనిషి. మీరు ఆఫీసు నుంచి వచ్చి వంట చేస్తున్నారు, ఆవిడకు వంటే ఆఫీసు. ఆ ఒక్క సంగతి దాచేయడం వల్లే ఆవిడతో మిమ్మల్ని పోల్చుకుని బాధపడుతున్నారు. నేను ఒప్పందాలు చూసిన ఇళ్ళలో కొన్నింట్లో భర్త తన ఉద్యోగం మానేసి భార్య దగ్గర మేనేజరుగా చేరాడు. వీడియోలో మాత్రం ఆయన సాయంత్రం తలుపు తీసుకుని లోపలికొస్తాడు, పిల్లలు పరిగెత్తుకుంటూ ఎదురెళ్తారు.

అందరూ మోర్మన్లే ఎందుకన్న దానికి చాలామంది "తెల్లగా, అందంగా ఉంటారు కదా" అనేస్తారు. అదీ ఒక కారణమే, కాదనను. కానీ అసలు కారణాలు వాళ్ళ పెంపకంలో ఉన్నాయి. 1830లో జోసెఫ్ స్మిత్ చర్చిని స్థాపించిన రోజు నుంచే, జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలన్న నియమం ఉంది. దినచర్య రాయడం, వంశవృక్షం కట్టడం, కుటుంబం ఫోటోలతో ఆల్బమ్ తయారు చేయడం వాళ్ళకు దైవకార్యంలో భాగం. బ్లాగులు రాకముందు ఉటాలో స్క్రాప్‌బుక్ సామాను పెద్ద వ్యాపారం. ఆడవాళ్ళ సంస్థ రిలీఫ్ సొసైటీ 1842 నుంచి ఉంది. అందులో కుట్లు, వంట, ఇంటి నిర్వహణ కూర్చోబెట్టి నేర్పేవారు. ఆదివారం సభల్లో చిన్నపిల్లలు కూడా మైకు ముందు నిలబడి మాట్లాడతారు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళకు వేలమంది మిషన్ పేరుతో ఊరుకాని ఊరు వెళ్ళి, ముక్కూమొహం తెలియనివాళ్ళ తలుపులు కొట్టి మతం గురించి చెబుతారు. అలా పెరిగిన అమ్మాయికి ఇరవై రెండేళ్ళకు ఫోన్ కెమెరా ముందు బెరుకు ఎందుకుంటుంది?

ఇంటర్నెట్ వచ్చాక చర్చి పెద్దలే ముందుకు తోశారు. 2007 డిసెంబర్‌లో రసెల్ బల్లార్డ్ అనే అపొస్తలుడు (చర్చి అగ్రనాయకుల్లో ఒకడు) హవాయిలో పట్టా తీసుకుంటున్న విద్యార్థులతో, ఇంటర్నెట్‌లో మన గురించి జరిగే చర్చలో మీరూ కలవండి, బ్లాగులు రాయండి అన్నాడు. 2014లో డేవిడ్ బెడ్నార్ అనే మరో అపొస్తలుడు సోషల్ మీడియా గురించి దాదాపు అదే పిలుపిచ్చాడు. మన దగ్గర ఏ మఠాధిపతైనా "అమ్మాయిలూ, ఇన్‌స్టాగ్రామ్ తెరవండి" అన్నాడా ఎప్పుడైనా?

ఇంకో వైపు చూడండి. 1987లో అప్పటి చర్చి అధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ తల్లి స్థానం ఇల్లేనని, సంపాదన తండ్రి బాధ్యతని గట్టిగా చెప్పాడు. 1995లో చర్చి విడుదల చేసిన కుటుంబ ప్రకటన కూడా పిల్లల పెంపకం ప్రధానంగా తల్లిదేనని రాసింది. చదువుకున్న అమ్మాయిలు, చిన్న వయసులో పెళ్ళి, వరసగా పిల్లలు, సంపాదనలో పదో వంతు చర్చికి. ఒక్క జీతంతో సంసారం నెట్టుకురావాలి. అప్పుడు గడప దాటకుండా డబ్బొచ్చే మార్గం ఏది దొరికినా వదులుకోరు. ఉటా నిండా చైన్ మార్కెటింగ్ కంపెనీలు పుట్టడానికి ఇదొక కారణం. ప్రోవోలో 1984లో మొదలైన నూ స్కిన్, లీహైలో యంగ్ లివింగ్, ప్లెజెంట్ గ్రోవ్‌లో డోటెర్రా ఇక్కడివే. చుట్టాలకు, చర్చిలో పరిచయస్తులకు సుగంధ నూనెల సీసాలు అమ్మిన అనుభవమే తర్వాత ఫోన్‌లోకి మారింది. "నా జీవితం చూడు, నీకూ ఇలాంటిది కావాలా?" అనే అమ్మకం పద్ధతి మారలేదు.

బ్రాండ్ల వైపు నుంచి ఒక మాట. వీళ్ళు మందు తాగరు, పొగ తాగరు, కాఫీ టీలు కూడా ముట్టరు, బూతు మాట్లాడరు. మాలాంటి కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి? రేపు ఏదో పార్టీ వీడియో బయటపడి మా పేరు చెడుతుందన్న టెన్షన్ ఉండదు. పైగా పిల్లలు ఎక్కువ. ఉయ్యాల దగ్గర్నుంచి పైజామా దాకా ఒకే ఇంట్లో అన్ని సైజులకూ మోడల్స్ దొరుకుతారు. ఈ మాట మీటింగుల్లో ఇంత మొరటుగా ఎవరూ అనరు గానీ లెక్క అదే.

డబ్బు ఎలా వస్తుందో చెబితే వీడియోలు మీకు ఇంకోలా కనబడతాయి. మొదట్లో బ్లాగు పక్కన ప్రకటనలు ఉండేవి. 2011లో డల్లాస్‌లో రివార్డ్‌స్టైల్ అనే కంపెనీ మొదలయ్యాక, పెట్టిన లింకు నొక్కి ఎవరు కొన్నా కమీషన్ రావడం మామూలైంది. ఇప్పుడు దాన్నే ఎల్‌టీకే అంటున్నారు. జులైలో నార్డ్‌స్ట్రామ్ అనే పెద్ద బట్టల దుకాణాల సంస్థ వార్షిక సేల్ వస్తే ఇక్కడి ఫ్యాషన్ అమ్మలకు సంక్రాంతి సీజనే. ట్రయల్ రూముల్లో అద్దం ముందు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఫోటోలు. ఆ పైన కంపెనీలు నేరుగా ఇచ్చే ఒప్పందాలు. నేను పంపే కాగితంలో ఏ గది, ఏ వెలుతురు, వీడియోలో ఎన్నో సెకనుకు మా డ్రెస్ కనబడాలి, వెనకాల పోటీ కంపెనీ లేబుల్ కనబడకూడదు, మేం చూసి ఒప్పుకున్నాకే పెట్టాలి అని వరసగా ఉంటుంది. "ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో అల్లరి" అని మీరు చూసింది బుధవారం మధ్యాహ్నం తీసి ఉండొచ్చు. ఒకే రోజు నాలుగైదు జతలు మార్పించి కొన్ని వారాలకు సరిపడా తీసేస్తారు. క్రిస్మస్ పైజామాలు వేసుకునేటప్పటికి బయట చెట్లకు ఆకులైనా రాలి ఉండవు. పసిపిల్ల ఏడిస్తే ఆపి, బుజ్జగించి, మళ్ళీ తీస్తారు. ఆ ఏడుపు వీడియోలోకి వచ్చిందంటే దాన్ని కూడా ఎవరో ఎంచుకుని పెట్టారన్నమాట. ఇంత శ్రమ చేస్తున్నవాళ్ళని అబద్ధాలకోరులని నేను అనలేను. చేస్తున్నది పని అని చెప్పకుండా దాన్ని జీవితమని అమ్మడమే నాకు ఇబ్బంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ బాలరినా ఫార్మ్ అనే ఇన్‌స్టాగ్రామ్ ఖాతా. ఉటాలోనే కామస్ ఊరి దగ్గర 328 ఎకరాల పొలం, హానా నీల్‌మన్ అనే ఆవిడ, భర్త డానియెల్, 2024 నాటికి ఎనిమిది మంది పిల్లలు. ఆమె న్యూయార్క్‌లోని జులియార్డ్ అనే పేరున్న కళాశాలలో బాలే నృత్యం నేర్చుకుంది. ఎనిమిదో బిడ్డ పుట్టిన రెండు వారాలకే 2024 జనవరిలో మిసెస్ వరల్డ్ పోటీలో నడిచింది. మట్టి, ఆవులు, పిండి పిసికే చేతులు చూసి పాతకాలపు రైతు కుటుంబం అనుకుంటారు. భర్త తండ్రి డేవిడ్ నీల్‌మన్ జెట్‌బ్లూ విమాన సంస్థను స్థాపించిన మనిషి. మామగారిది విమానాల వ్యాపారం అని తెలిశాక ఆ పొయ్యి మీద చారు కాస్తుంటే చూసే చూపు మారుతుంది కదా! పొలం నుంచి మాంసం, సోర్‌డో స్టార్టర్ (బ్రెడ్ పొంగడానికి కలిపే పులిసిన పిండి), ప్రొటీన్ పొడి దేశమంతా పార్సిల్‌లో వెళ్తాయి. దానికి సిబ్బంది ఉంటారు.

2024 జులైలో లండన్ సండే టైమ్స్ విలేకరి ఆ ఇంటికి వెళ్ళి రాసిన కథనంలో ఒక చోట, ఆమె ఒక్కోసారి అలసటతో వారం రోజులు మంచం దిగలేని స్థితికి వస్తుందని భర్తే చెప్పాడు. ప్రపంచమంతా "అయ్యో, అణగారిన ఆడది" అని గోల పెట్టింది. ఆమె తిరిగి సమాధానమిచ్చింది: నన్ను అణచివేతకు గురైనదానిగా చూపించారు, అది నిజానికి చాలా దూరం, మేమిద్దరం సమానంగా పిల్లల్నీ కంపెనీనీ నడుపుతున్నాం, ఇద్దరమూ సీఈవోలమే అని. నన్నడిగితే ఆ రెండు పక్షాల గొడవలో ఎక్కువ నిజం దొర్లింది ఈ 'సీఈవో' దగ్గరే. కంపెనీ అధిపతికి ఉండే అలసట అది. కానీ సీఈవో అలసట అమ్ముడుపోదు, అమ్మ చిరునవ్వు అమ్ముడుపోతుంది.

అందర్నీ ఒకే గాటన కట్టకండి. హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆవిడ మోర్మన్‌గా పెరిగి, చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చదివి, ఆ తర్వాత చర్చిని వదిలేసింది. 2001లో డూస్ పేరుతో బ్లాగు మొదలుపెట్టింది. సహోద్యోగుల గురించి రాసినందుకు 2002లో ఉద్యోగం ఊడింది. బిడ్డ పుట్టాక వచ్చిన డిప్రెషన్, ఆసుపత్రిలో చేరడం, అన్నీ దాచకుండా రాసింది. అమ్మల బ్లాగులకు మహారాణి అని పత్రికలు పిలిచాయి. 2023 మేలో ఆత్మహత్య చేసుకుంది. నిజం చెప్పినంత మాత్రాన ఈ పని మనిషిని వదలదని ఆమె చివరి ఏళ్ళు చూస్తే అర్థమవుతుంది. రోజూ ఏదో ఒకటి బయటపెట్టాలి, అది సంతోషమైనా కన్నీళ్ళైనా.

మోమ్‌టాక్ గురించి రెండు మాటలు చాలు. టిక్‌టాక్‌లో కలిసి డాన్సులు చేసిన ఉటా యువ తల్లుల బృందం అది. 2022లో వాళ్ళలో ఒకరైన టేలర్ ఫ్రాంకీ పాల్, తమ స్నేహితుల జంటల మధ్య సంబంధాలు హద్దులు దాటాయని లైవ్‌లో చెప్పేసరికి గుట్టు రట్టయింది. 2024 సెప్టెంబర్‌లో అదే హులూ అనే స్ట్రీమింగ్ వేదికలో రియాలిటీ షో అయింది. ఒకప్పుడు బొమ్మలాంటి కుటుంబాన్ని అమ్మారు, ఇప్పుడు ఆ బొమ్మ పగిలిన కథని అమ్ముతున్నారు. రెండూ వ్యాపారమే కాబట్టి దాన్ని చూసి "ఇదీ అసలు మోర్మన్ జీవితం" అనుకుంటే మళ్ళీ పొరబడినట్టే.

రూబీ ఫ్రాంకీ సంగతి వేరు. మీరు ఛానెల్ గురించి అడిగారు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఉటాలోని స్ప్రింగ్‌విల్‌లో భర్త, ఆరుగురు పిల్లలతో '8 ప్యాసింజర్స్' అనే యూట్యూబ్ ఛానెల్‌ని 2015లో మొదలుపెట్టింది. దాదాపు ఇరవై ఐదు లక్షల మంది సబ్‌స్క్రైబర్లు వచ్చారు. క్రమశిక్షణ గల తల్లిగా పేరు. 2020లో ఒక వీడియోలో పెద్ద కొడుకు తాను ఏడు నెలలుగా బీన్ బ్యాగ్ మీద పడుకుంటున్నానని, శిక్షగా మంచం తీసేశారని నవ్వుతూ చెప్పాడు. మరో దాంట్లో, ఆరేళ్ళ కూతురు బడికి లంచ్ మరిచిపోతే తీసుకెళ్ళి ఇవ్వనని, ఆకలేస్తే తనకే తెలిసొస్తుందని తల్లే కెమెరాకు చెప్పింది. చూసినవాళ్ళు సంతకాలు సేకరించారు, అధికారులకు ఫిర్యాదులు వెళ్ళాయి. అప్పట్లో ఏమీ తేలలేదు. తర్వాత ఆమె జోడీ హిల్డెబ్రాంట్ అనే కౌన్సెలర్‌తో కలిసి తల్లిదండ్రులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 2023 ఆగస్టు 30న ఐవిన్స్ అనే ఉటా ఊళ్ళోని హిల్డెబ్రాంట్ ఇంటి కిటికీలోంచి పన్నెండేళ్ళ కొడుకు బయటపడి, పక్కింటివాళ్ళను తిండి, నీళ్ళు అడిగాడు. ఎముకల గూడులా ఉన్నాడు, కాళ్ళూచేతులకు టేపు చుట్టిన గాయాలు. చెల్లెలు లోపల అదే స్థితిలో దొరికింది. డిసెంబర్‌లో రూబీ పిల్లలపై తీవ్ర హింసకు సంబంధించిన నాలుగు నేరాలు ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో ఒక్కో నేరానికి ఒకటి నుంచి పదిహేనేళ్ళు, ఒకదాని తర్వాత ఒకటిగా శిక్ష పడింది. ఉటా చట్టం ప్రకారం మొత్తం ముప్ఫై ఏళ్ళు దాటదు.

ఈ కేసు చూసి "పైకి పూలు, లోపల ముళ్ళు" అని అందరూ అన్నారు. నాకు అది సరైన మాటగా అనిపించదు. ముళ్ళు పైనే కనబడ్డాయి. బీన్ బ్యాగ్ మాట లక్షల మంది విన్నారు. 'కఠినమైన, మంచి తల్లి' అనే ముద్ర ఒకసారి పడ్డాక అదే హింసకు పెంపకం అనే పేరు వచ్చేసింది. ఆ మాట అన్నదాన్ని ఎడిట్ చేసేటప్పుడు తీసేయాలని కూడా ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదంటే, వాళ్ళకు అందులో దాచుకోవాల్సింది ఏమీ కనబడలేదన్నమాట. నాకు ఆ సంగతే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

పెద్ద కూతురు షారీ 2024 అక్టోబర్‌లో ఉటా శాసనసభ కమిటీ ముందుకు వచ్చి, నేను నేరస్థురాలి కూతురిగా రాలేదు, ఫ్యామిలీ వ్లాగింగ్ (ఇంట్లో రోజువారీ జీవితాన్ని వీడియోలుగా పెట్టడం) బాధితురాలిగా వచ్చాను అంది. పరువు పోయే క్షణాలను తీయనిస్తే వంద డాలర్లో షాపింగో ఇస్తామని ఆశపెట్టేవారని చెప్పింది. మరుసటి ఏడాది ఉటా చట్టం తెచ్చింది: పిల్లల్ని చూపించి బాగా సంపాదించే తల్లిదండ్రులు అందులో కొంత పిల్లల పేరున ట్రస్టులో వేయాలి, పెద్దయ్యాక ఆ పిల్లలు తమ వీడియోలు తీసేయమని అడగొచ్చు. ఇల్లినాయిస్‌లో ఇలాంటి చట్టం 2024 జులై నుంచే ఉంది.

మామూలు మోర్మన్ ఆడవాళ్ళ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ వీడియోల బరువు మోసేది మీరొక్కరే కాదు. మా పక్కింటావిడకు నలుగురు పిల్లలు, లాండ్రీ గుట్ట సోఫా మీదే ఉంటుంది. ఎవరైనా చర్చివాళ్ళు వస్తున్నారంటే కంగారుగా గదిలోకి తోసేస్తుంది. ఐ-15 హైవే మీద వెళ్తే వరసగా ప్లాస్టిక్ సర్జరీ హోర్డింగులు. పరిపూర్ణంగా ఉండాలన్న ఒత్తిడి ఎంత ముదిరిందంటే, 2017 అక్టోబర్ మహాసభలో జెఫ్రీ హోలండ్ అనే అపొస్తలుడు పనిగట్టుకుని దాని మీదే ప్రసంగించాడు. పరిపూర్ణత ఈ జన్మలో రాదు, నిదానంగా దేవుడి దయతో వస్తుంది, మిమ్మల్ని మీరు హింసించుకోకండి అని. అలాగే ఆ చర్చి సభ్యులు కోటీ డెబ్భై లక్షలకు పైనే, సగం కంటే ఎక్కువమంది అమెరికా బయటివాళ్ళు. భారతదేశంలో వాళ్ళ తొలి 'స్టేక్' (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) 2012లో ఏర్పడింది మీ హైదరాబాద్‌లోనే. మీ ఊరి మోర్మన్ ఇల్లాలికి కూడా ఆ తెల్ల వంటగది మీకున్నంత దూరమే.

ఇప్పుడు మీ ఆడపడుచు సలహా. నా అభిప్రాయం అడిగితే, వంట ఛానెల్ పెట్టండి, చీరల ఛానెల్ పెట్టండి, పిల్లల మొహాలు మాత్రం పెట్టకండి. మనదేశంలో 2017 నాటి బాలకార్మిక నియమాల ప్రకారం బాలనటులు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయకూడదు, సంపాదనలో కనీసం ఇరవై శాతం పిల్లల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. సినిమా షూటింగుకైతే ఎవరో ఒకరు అడుగుతారు. మీ హాల్లో మీరే తీసే వీడియోకు అడిగేవాళ్ళెవరు? తప్పదనుకుంటే మూడు నియమాలు పెట్టుకోండి: ఏడుస్తున్నప్పుడు, తిట్టు తింటున్నప్పుడు, జ్వరంతో ఉన్నప్పుడు కెమెరా తీయకూడదు. బడి పేరు, యూనిఫాం కనబడకూడదు. పాప వద్దంటే ఆ వీడియో అక్కడితో ఆగాలి, ఎవరో స్పాన్సర్ గడువు పెట్టినా సరే. ఈ మూడోదాని దగ్గరే చాలామంది జారిపోతారు, డబ్బు అడ్వాన్స్‌గా తీసుకుని ఉంటారు కాబట్టి.

సోర్‌డో విషయం. ఉటాలో గాలి పొడి, ఇళ్ళు చల్లగా ఉంటాయి. ఇక్కడివాళ్ళు "రాత్రంతా బయట పెట్టండి" అన్నారని మేలో నిజాంపేటలో పెడితే పులిసిపోక ఏమవుతుంది? దోసెల పిండికి ఎండాకాలంలో ఏం చేస్తారో అదే చేయండి. స్టార్టర్ తక్కువ వేసి, మూడు నాలుగు గంటలు బయట ఉంచి, కాస్త పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి, పొద్దున తీసి కాల్చండి. మైదా మరీ జావగా అనిపిస్తే నీళ్ళు తగ్గించండి, వాళ్ళ పిండి మన పిండి కంటే ఎక్కువ నీళ్ళు పీలుస్తుంది.